పౌరుష గ్రంథి, చేపల పులుసు, ఒక ‘వచ్చు’

మా ఊరి సముద్రం ఒడ్డున ఎవరైనా మాట చివర ‘వచ్చు’ అంటే పక్కనున్నవాళ్లు నవ్వుతారు. ఈమధ్య ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మాయి ఒక ముసలాయనకి మాత్ర ఇచ్చి, రేపటికి నొప్పి తగ్గవచ్చు తాతా అన్నదట. వరండాలో కూర్చున్నవాళ్లంతా గొల్లుమన్నారట. తననే ఎగతాళి చేశారనుకుని ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. రిటైరై ఇంట్లో కూర్చున్న నా దగ్గరికి వచ్చి, ఈ ఊళ్లో ఆ మాటకి వేరే అర్థం ఏమైనా ఉందా పెద్దమ్మా అని మెల్లగా అడిగింది. ఆ పిల్లకి చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఆసుపత్రి కొలువుల్లోకి కొత్తగా వచ్చే పిల్లలకి పనికొస్తుందని నా ఆశ. పనికి రాకపోయినా కాసేపు నవ్వుకోవడానికైతే సరిపోతుంది.

నేను పుట్టింది మైపాడు పక్కన. పెళ్లై వచ్చింది సూళ్లూరుపేట వైపు, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊరికి. అక్కడా ఇసుకే, ఇక్కడా ఇసుకే. అక్కడా చేపలే, ఇక్కడా చేపలే. అందుకని అత్తగారి ఊరు కొత్తగా అనిపించలేదు. మా ఆయన వేటకి పోయేవాడు, నేను గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేదాన్ని. ఊళ్లోకి ప్రభుత్వ ఆసుపత్రి వచ్చినప్పుడు అందులో ఆయాగా చేరాను. ఊడవడం, తుడవడం, కాన్పులకి నీళ్లు కాచడం, సూదికి భయపడే పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పట్టుకోవడం నా పనులు. వీటితోపాటు డాక్టరు మాట ఊరివాళ్లకీ, ఊరివాళ్ల మాట డాక్టరుకీ అర్థమయ్యేట్టు చెప్పడం కూడా నా పనే. ఈ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు గానీ రోజులో సగం దానికే పోయేది.

నాకు చదువు వచ్చింది మాత్రం యాభై దగ్గర పడ్డాక. సాయంత్రం పూట చేపల వేలంపాట అయిపోయాక, అదే షెడ్డులో అంగన్‌వాడీ టీచరమ్మ పెద్దవాళ్లకి అక్షరాలు చెప్పేది. నేల కడిగిన తడి ఆరకముందే పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లం. అక్షరాలు త్వరగానే పట్టుబడ్డాయి. నన్ను ఏడిపించింది ఒత్తులే. మాట సాఫీగా పోతూ ఉంటే, మధ్యలో ఒక అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతూ కనిపించేది, వలలో చిక్కుకున్న పీతలాగా. దాన్ని విడదీసేదాకా నేను ముందుకి కదల్లేను. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత జరిగిందంతా ఆ పీత వల్లే.

నా ఉద్యోగం చివరి ఏళ్లలో ఒక డాక్టరమ్మ వచ్చింది. చూడటానికి కాలేజీ పిల్లలాగా ఉండేది. వాళ్లది నెల్లూరు పక్క వరి పండించే పల్లె. సముద్రం పక్కన పని చెయ్యడం అదే మొదలు. వచ్చిన కొత్తలో ఇసుకలో చెప్పులతో నడవలేక చేత్తో పట్టుకుని వచ్చేది. నన్ను ఆయమ్మా అని పిలిచేది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్లం. ఆమె క్యారియరులో పెరుగన్నం, నా గిన్నెలో పులుసు. మూడో రోజుకే ఆమె నా గిన్నె వైపు, నేను ఆమె గిన్నె వైపు జరిగాం.

ఆమెకి ఒక దిగులు ఉండేది. ఆడవాళ్లు వచ్చి ఏదో ఒకటి చెప్పుకుంటారు, మగవాళ్లు దగ్గుకీ దెబ్బలకీ తప్ప రారు. యాభై దాటిన మగవాళ్లకి ఉచ్చ దగ్గర ఇబ్బంది వస్తే ఎవరికీ చెప్పరు. అది వయసుతో వచ్చే మామూలు వాపే కావచ్చు, మాత్రలతో సర్దుకుపోతుంది. అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు. ముందుగా కనిపెడితే బాగుచెయ్యగలిగే క్యాన్సరే అది. అందుకోసం ఒక పూట మగవాళ్లకే క్యాంపు పెడదాం అన్నది. పైనుంచి ఒక కాగితం కూడా వచ్చింది, ఆసుపత్రి తలుపుకి అంటించడానికి. దాని మీద పెద్దక్షరాలతో ‘పౌరుష గ్రంథి పరీక్ష’ అని ఉంది.

అదేం గ్రంథి అని అడిగాను. ఉచ్చ సంచి కింద ఉసిరికాయంత ఉంటుంది, మగవాళ్లకే ఉంటుంది అని చెప్పింది. మా కాంపౌండరుకి పెళ్లీడుకొచ్చిన కూతుళ్లున్నారు గానీ, ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగి చెప్పేవాడు. అందుకని ఊళ్లో చెప్పే పని నాకే పడింది. ఇంటింటికీ పోయి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

మా వైపు పౌరుషం అంటే ఒకటే అర్థం. గాలివానలో కూడా పడవ దించేవాడికి ఉండేది, వలలు కోసినవాడిని చూసి పొంగేది. నేను నాలుగో ఇంటికి చేరేసరికి మొదటి ఇంటి మాట నాకంటే ముందే ఊరంతా తిరిగింది. డాక్టరమ్మ మగాళ్లకి పౌరుషం ఉందో లేదో చూస్తుందంట, లేనోళ్ల పేర్లు తలుపుకి అంటిస్తుందంట అని. క్యాంపు రోజు పొద్దున్నుంచీ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. ఎండెక్కాక చెవుడున్న ఒక పండు ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి, నాకు ఎక్కువే ఉండాది, రాసుకో అని చెప్పి, చెవిలో మందు వేయించుకుని పోయాడు.

డాక్టరమ్మ నవ్వింది గానీ సాయంత్రానికి దిగులుపడింది. మరునాడు నాకు ఇంకో దిగులు వచ్చి చేరింది.

మా ఊళ్లో తగాదాలు తీర్చే పెద్దని పెద్దకాపు అంటాం. వేట ఎప్పుడు మానాలో, తప్పు చేసినవాడికి ఏం శిక్ష వెయ్యాలో ఆయన చెప్పిందే కట్టుబాటు. వరసకి నాకు బావ. మనిషి నిలువెత్తు, మీసం ఇంకా నల్లగానే ఉండేది, పొట్ట మాత్రం ఆయనకంటే ఒక అడుగు ముందు నడిచేది. ఆయన భార్యని నేను అక్కా అని పిలుస్తాను. చేపలమ్మే రోజుల నుంచీ ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం. ఆమె ఆసుపత్రి వెనక వైపుకి వచ్చి, ఎవరూ లేరని చూసుకుని చెప్పింది. ఆయనకి రాత్రిళ్లు నిద్ర లేదట. లేస్తాడు, బయటికి పోతాడు, చాలాసేపు నిలబడి వస్తాడు, మళ్లీ లేస్తాడు. అడిగితే గాలి కోసం పోయినానంటాడు.

"గాలి కోసం పోయేవాడు పళ్లు కొరుక్కుంటా తిరిగొస్తాడా మే? నువ్వెట్టన్నా చేసి ఆయన్ని డాక్టరమ్మ ముందర కూర్చోబెట్టు. నాకింకేం వద్దు," అన్నది. బస్సులో సీటు కోసం పోట్లాడటంలో ఊళ్లో ఆమెని మించినవాళ్లు లేరు. అలాంటి మనిషి కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

డాక్టరమ్మకి చెప్పాను. ఆమె కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, జబ్బు గురించి మాట్లాడితే పారిపోయేవాళ్లు తిండి గురించి మాట్లాడితే కూర్చుంటారు కదా అన్నది. తిండికీ ఆ క్యాన్సర్‌కీ సంబంధం ఉందా అని అడిగాను. ఉన్నట్టు కనిపిస్తోంది గానీ ఇంకా తేలలేదు అన్నది. టమాటాని నూనెలో మగ్గబెట్టి తినేవాళ్లకీ, చేపలూ పప్పులూ ఆకుకూరలూ ఎక్కువగా తినేవాళ్లకీ ఆ ముప్పు కొంచెం తక్కువేమో అని కొందరు అంటున్నారట, ఇంకా తెలియదని కొందరు అంటున్నారట. మాంసం, వేపుళ్లు, పాలూ మీగడా మరీ ఎక్కువైతే మంచిది కాదేమో అని అనుమానం ఉందట. పొట్ట పెరగకుండా చూసుకోవడం మాత్రం అన్ని విధాలా మంచిదట. ఇది చెబుతున్నంతసేపూ ఆమె నా గిన్నెలోని పులుసు వైపే చూస్తోంది. మన పులుసులో ఇవన్నీ ఉన్నాయి కదమ్మా అన్నాను. అదే నేనూ అనుకుంటున్నాను ఆయమ్మా అన్నది.

ఆ సాయంత్రం ఆమె ఒక పెద్ద అట్ట మీద తన చేత్తోనే రాసింది. నేను చదవాలని ఒక్కో అక్షరం ఉసిరికాయంత రాసింది. టమాటాలు, చేపలు, పప్పులు, ఆకుకూరలు ఎక్కువగా, మాంసం, వేపుళ్లు, మీగడ తక్కువగా తింటే ముప్పు కొంత తగ్గవచ్చు. కింద ఇంకో వరుసలో, ఏం తిన్నా పరీక్ష మాత్రం మానకూడదు. అంతే.

మరునాడు ఆ అట్టని వేలంపాట షెడ్డు గోడకి కట్టాం. పాట అయిపోయాక అందరూ ఉండగా నేను చదవాలని టీచరమ్మ పట్టుబట్టింది. ఊరి ముందు నేను పైకి చదవడం అదే మొదలు. చీర కొంగు బొడ్లో దోపుకుని, అక్షరం కింద వేలు పెట్టి మొదలుపెట్టాను. ‘టమాటాలు’ అన్నాను. ఆడవాళ్లు ఆఁ అన్నారు. ‘చేపలు’ అన్నాను. షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గోల చేశారు. ‘మాంసం తక్కువగా’ అనేసరికి వెనక నుంచి ఎవరో అయ్యో అన్నారు, అందరూ అటు తిరిగి నవ్వారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు కూడా చేతులు ఆపి వింటున్నారు. మధ్యలో మా బావ పెద్దకాపు, ముక్కాలి పీట మీద.

ఒక్కో ఒత్తునీ విడదీసుకుంటూ ‘ముప్పు కొంత’ దాకా వచ్చాను. ‘తగ్గ’ అన్నాను. అందులో మళ్లీ ఒక ఒత్తు ఉంది కదా, దాన్ని దాటేసరికే చెమట పట్టింది. ముందు చూస్తే ఇంకో ఒత్తు వేలాడుతోంది. దాన్ని విడదీద్దామని ఊపిరి పీల్చుకున్నాను. ఆ పీల్చుకునే సందులో మా బావ, తీర్పు చెప్పే గొంతుతో, "తగ్గుద్ది" అన్నాడు.

ఇంకేముంది. చప్పట్లు. తగ్గుద్దంట, తగ్గుద్దంట అని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. టీచరమ్మ పరుగున వచ్చి నన్ను కౌగిలించుకుంది. నా జీవితంలో నాకోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నా చదువుకే కొడుతున్నారని ఉప్పొంగిపోయాను. సగం మాటా, కింద ఉన్న వరుసా గోడ మీదే ఉండిపోయాయి.

తర్వాత ఊళ్లో పులుసు పండగే పండగ. అంతకుముందు మాత్రం తినలేదా అంటే తిన్నాం. కానీ ఇప్పుడు తింటున్నది మందు కూడానాయె. సూళ్లూరుపేట నుంచి టమాటాలు తెచ్చే ఆటో మా ఊరి చివరికి రాకముందే ఖాళీ అయ్యేది. కోడి వేపుడు లేనిదే కంచం ముందు కూర్చోని మొగుళ్లు పులుసు ఏదని అడుగుతుంటే ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. వంజరం చేప దొరికినవాళ్లు వంజరంతో, దొరకనివాళ్లు కానాగంతలతో, మామిడికాయ ముక్కలు వేసి, టమాటా నూనెలో ముద్దయ్యేదాకా మగ్గబెట్టి చేసేవాళ్లు. సాయంత్రం ఏ వీధిలో నడిచినా చింతపండు మరిగే వాసన. డాక్టరమ్మ ఆసుపత్రి కిటికీలో నిలబడి గాలి పీల్చి, మన అట్ట పనిచేసింది ఆయమ్మా అని సంబరపడింది. నేనూ సంబరపడ్డాను.

ఆ సంబరం మీద నీళ్లు చల్లింది అక్క. ఒక పొద్దున చేతిలో గరిటెతోనే ఆసుపత్రికి వచ్చింది. ఆయన పొద్దున దోసెల్లోకి పులుసు, మధ్యాహ్నం అన్నంలోకి పులుసు, రాత్రి సంగటిలోకి పులుసు తింటున్నాడట. తినమనే కదా చెప్పింది అన్నాను.

"తిననీ మే, ఎవురొద్దన్న్యారు? పరీక్షకి పోదాం రమ్మంటే ఏమంటుండాడో తెలుసా? గోడ మీద రాసుండాది, ఊరందరి ముందర చదివినారు, పులుసు తింటే తగ్గుద్ది, ఇంకా సూదెందుకు అంటుండాడు. ముందైనా కొంచెం భయముండేది. ఇప్పుడు అది కూడా లేదు. నువ్వు చదివిన చదువు నా కొంపకొచ్చింది."

రాత్రిళ్లు లేవడం తగ్గిందా అని అడిగాను. ఇంకా పెరిగింది అన్నది.

ఆమె పోయాక నేను ఒక్కదాన్నే షెడ్డు దగ్గరికి పోయాను. అట్ట గోడకి అలాగే ఉంది. వేలు పెట్టి చివరిదాకా చదివాను. తగ్గ. వ. చ్చు. నా వేలు ఆ ఒత్తు కింద చాలాసేపు ఆగిపోయింది. ఊరంతా పులుసు వండుకుంటున్నది ఈ మాటలో సగానికే కదా అనిపించింది.

డాక్టరమ్మకి చెప్తే ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి కిటికీ బయటికి చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. "ఈసారి రాకెట్ ఎప్పుడు ఆయమ్మా?" అని అడిగింది.

మా వైపు లెక్క తెలియనివాళ్ల కోసం చెప్తాను. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు మా వైపు పడవలు సముద్రంలోకి పోకూడదు. అధికారులు ముందే వచ్చి చెప్పి పోతారు. ఆ రోజు మగవాళ్లంతా ఒడ్డునే ఉంటారు, ఇసుక మీద వలలు పరుచుకుని, దక్షిణం వైపు మొహాలు పెట్టుకుని. తప్పించుకుని పోవడానికి సముద్రం కూడా ఉండదు. డాక్టరమ్మ పట్టుకున్నది ఆ కిటుకే.

రాకెట్ రోజు మేం ఆసుపత్రిలో కూర్చోలేదు. బల్ల, కుర్చీలు మోయించి ఇసుక మీద పడవల పక్కన వేశాం. పైన టార్పాలిన్ కట్టాం. కాంపౌండరు సూదులూ రక్తం పట్టే గొట్టాలూ సర్దుకుని, ఎటు తిరిగినా గోడ లేదే అని ఇబ్బందిపడ్డాడు. పక్కనే మూడు రాళ్ల పొయ్యి పెట్టి, అక్క పెద్ద గుండిగలో పులుసు పెట్టింది. వాసన పోయినంత దూరం నుంచీ మగవాళ్లు వచ్చారు. పులుసుకి వచ్చారు, బల్లకి మాత్రం దూరంగానే కూర్చున్నారు. మా బావ అందరికంటే ముందు, కంచం పట్టుకుని.

గోడకున్న అట్టని విప్పి పడవకి కట్టాను. మళ్లీ చదువుతాను, ఈసారి నేను ఆగేదాకా ఎవరూ నోరు తెరవకూడదు అన్నాను. పిల్ల పంతులమ్మ అని ఎవరో అన్నారు. నా వయసు అప్పటికి రిటైర్మెంటుకి దగ్గర. చదివాను. టమాటాల దగ్గర ఎవరూ అరవలేదు. చేపల దగ్గర కూడా నోళ్లు బిగబట్టుకున్నారు.

"ముప్పు కొంత తగ్గ… వ… చ్చు," అన్నాను.

మా బావ కంచం లోంచి తలెత్తాడు. "ఏం వచ్చు?"

"తగ్గొచ్చు బావా. తగ్గకపోనూ వచ్చు. కింద ఇంకో వరసుండాది, ఏం తిన్నా పరీక్ష మానకూడదని."

"ఆ వచ్చు ఆ పొద్దు యాడికి పోయింది?"

"నేను ఆడిదాకా రాకముందే నువ్వు తగ్గుద్దన్న్యావు. అందురూ చప్పట్లు కొట్టినారు. వాటి కింద పడిపోయింది."

నవ్వులు ఇసుక మీద ఈ చివర నుంచి ఆ చివరకి పోయాయి. ఆయన నవ్వలేదు. డాక్టరమ్మ వైపు తిరిగాడు. చదువుకున్నదానివి, నువ్వు సూటిగా చెప్పు తల్లీ, ఇట్టాంటి పులుసు తినేవాడికి ఆ జబ్బు వస్తాదా రాదా అని అడిగాడు.

డాక్టరమ్మ చేతిలో ఉన్న దూది పక్కన పెట్టింది.

"మా తాతకి వచ్చింది," అన్నది. "పులుసు లేనిదే ఆయనకి ముద్ద దిగేది కాదు. మా నాయనమ్మ కూడా ఇట్లాగే చేసేది, టమాటా, మామిడికాయ వేసి. ఆయన మా ఊరికి పెద్ద. అందరి తగాదాలూ ఆయన దగ్గరికే వచ్చేవి. ఉచ్చ దగ్గర ఇబ్బందిగా ఉందని మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. చెప్పేసరికి ఆలస్యమైపోయింది. పులుసు మీరు మానొద్దు పెద్దాయనా. పులుసులో తప్పేం లేదు."

ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని తిన్న పిల్ల ఈ మాట నాతో కూడా అనలేదు. నా గిన్నెలోకి చూస్తూ కూర్చునేది ఎందుకో అప్పుడు తెలిసింది.

మా బావ కంచం ఇసుక మీద పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. లేస్తాడేమో అనుకున్నాం. లేవలేదు. చుట్టూ ఉన్న కుర్రవాళ్లని ఒకసారి చూసి, పౌరుష పరీక్షకి పెద్దకాపు పోయినాడని రేపు వీళ్లంతా చెప్పుకోరా అని గొణిగాడు.

గుండిగ దగ్గర నుంచి అక్క వచ్చింది. గరిటె నుంచి పులుసు బొట్లు బొట్లుగా ఇసుకలో పడుతోంది.

"చూడయ్యా. ఇన్నాళ్లూ ఆ బల్ల కాడికి పోయినోడికి పౌరుషం లేదేమోనని అనుకున్న్యారు అందురూ. ఇయ్యాళ్టి నుంచి పోనోడికే లేదనుకుంటారు. నీకుందో లేదో నాకు తెలుసు. ఊరికి తెలవద్దా?"

ఆడవాళ్ల నవ్వుకి పడవ మీద ఉన్న కాకులు లేచిపోయాయి. మా బావ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత మీసం కింద నుంచి నవ్వు బయటపడింది. లేచి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ బల్ల దగ్గరికి నడిచాడు. సూది ఎక్కడ గుచ్చుతావో గుచ్చు అని కళ్లు మూసుకున్నాడు.

చేతికే పెద్దాయనా అన్నది డాక్టరమ్మ.

ఆయన కళ్లు తెరిచాడు. "చేతికేనా?" వెనక్కి తిరిగి మగవాళ్లందరినీ చూశాడు. "చేతికేనంటరా. ఇన్నాళ్లూ మనం ఇంకేందో అనుకుని చస్తుండాం."

సరిగ్గా కాంపౌండరు సూది పెట్టే వేళకి దక్షిణం వైపు ఉరిమింది. అందరూ లేచి నిలబడ్డారు. పొగ గీత ఒకటి మేఘాల్లోకి ఎక్కిపోతోంది. ఊరంతా ఆకాశం చూస్తోంది, నేను మళ్లీ కళ్లు మూసుకున్న బావ మొహం చూస్తున్నాను. ఒళ్లు ఒక్కసారి జలదరించింది ఆయనకి. కళ్లు తెరిచి అక్కని చూసి, నేను రాకెట్టుకి ఉలిక్కిపడినా, సూదికి కాదు అన్నాడు. రాకెట్టుకి భయపడే పెద్దకాపు మాకెందుకులే అన్నది అక్క.

ఆ తర్వాత టార్పాలిన్ కింద వరస కట్టారు. వరసలో ముందు నిలబడటానికి తోసుకున్నారు కూడా. ఆడవాళ్లు పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కొక్కరి చొక్కా చెయ్యి మడిచినప్పుడల్లా ఎవరికి ఎంత పౌరుషం ఉందో చెప్పుకుని నవ్వారు. కాంపౌండరు కూడా సాయంత్రం ఎవరూ చూడకుండా తన రక్తం తానే తీసుకున్నాడని డాక్టరమ్మ నాకు చెప్పింది. అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ గిన్నెడు పులుసు ఇచ్చాం.

ఫలితాలు వచ్చాయి. ఎక్కువ మందికి ఏమీ లేదు. కొందరికి వయసుతో వచ్చే వాపేనని మాత్రలు ఇచ్చారు, వాళ్ల ఇళ్లలో మొగుడూ పెళ్లాం ఇద్దరికీ నిద్ర పట్టింది. మా బావ రక్తంలో మాత్రం తేడా ఉంది. నెల్లూరు పెద్దాసుపత్రికి పొమ్మని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. నెల్లూరు పోయే బస్సులో అక్క పక్కన నేనూ కూర్చున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఇద్దరం ఒకే సీటులో, ఈసారి గంపలు లేకుండా. కిటికీ పక్క సీటు ఆమె నాకే ఇచ్చింది. అంత భయపడుతోందన్నమాట అనుకున్నాను.

అక్కడ ఇంకా పరీక్షలు చేశారు. క్యాన్సరే. కానీ గ్రంథి దాటి బయటికి పోలేదు, మంచి సమయానికి వచ్చారు అని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ మాట వినగానే అక్క ఆ డాక్టరుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, మీరు పులుసు తింటారా బాబూ అని అడిగింది. ఆపరేషను అయింది. కొన్ని నెలలు ఆయన ఇంటిపట్టునే ఉన్నాడు. ఆయన బయటికి వచ్చి ఇసుక మీద కాలు పెట్టిన రోజు పడవలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. పొట్ట తగ్గి మనిషి వంకాయ తొడిమలాగా ఉన్నావన్నా అని ఒకడు అంటే, "నీకూ తగ్గొచ్చు, పరీక్షకి పో," అన్నాడు. అప్పుడు పుట్టింది ఊళ్లో ఈ ‘వచ్చు’ నవ్వు.

ఆయన పంచాయితీలో కూడా ఆ మాట దిగింది. ఎవడైనా ఖాయంగా వాడే వల కోసినాడు అంటే, కోసుండొచ్చు అను, చివరిదాకా చూసి చెప్పు అనేవాడు. రాకెట్ రోజుల్లో యాభై దాటినవాళ్లు డాక్టరమ్మకి ఒకసారి కనపడాలని కట్టుబాటు కూడా పెట్టాడు. డాక్టరమ్మకి బదిలీ అయినప్పుడు ఊరు ఊరంతా బస్సు దగ్గరికి వచ్చింది. ఎవరి ఇంటి నుంచి వాళ్లు పులుసు గిన్నెలు తెచ్చి బస్సు నింపేశారు. ఆమె నాతో, చదువుకునే రోజుల్లో నేను చదివిన పెద్ద పెద్ద పుస్తకాలన్నీ ఒక్క ‘వచ్చు’ మీద నిలబడి ఉన్నాయి ఆయమ్మా, ఆ మాట నాకు మీ ఊళ్లో అర్థమైంది అని చెప్పి బస్సెక్కింది.

పిల్లలూ, మీరు నాకంటే చాలా చదువుకున్నవాళ్లు. ఒత్తుల దగ్గర మీకు చెమట పట్టదు. అయినా ఒక మాట. మీరు చెప్పేది వినేవాళ్లు తమకి కావలసిన చోట మాటని తుంచేసుకుని చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు బాగుంటాయి, నాకు తెలుసు. కొట్టనివ్వండి. ఆగాక మాత్రం మిగిలిన సగం చదవండి.

మా ఇళ్లల్లో పులుసు ఇప్పటికీ టమాటా మగ్గబెట్టే చేస్తాం. మంచిదే కావచ్చు. రుచి మాత్రం ఖాయం. మా బావకి ఆర్నెల్లకోసారి నెల్లూరులో చూపించుకోవాలి. ఆ పొద్దున అక్క గడప దగ్గర నిలబడి, బస్సొచ్చే వేళయింది, పోదామా అని అడుగుతుంది. పోవచ్చు అంటాడాయన లోపల్నుంచి. ఆ మాట అనేసరికే చొక్కా తొడుక్కుని, ఒక చెయ్యి పైకి మడుచుకుని ఉంటాడు.